మైకు ఎంచిపెట్టిన చెల్లెలు

కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో మా ఇల్లు. ముందు గదిలో కంప్యూటర్ పెట్టుకుని పెళ్లి పత్రికలకూ ఫ్లెక్సీలకూ అక్షరాలు పేర్చడం నా పని. దానికి చేతులుంటే చాలు, నోటితో పనిలేదు. పొద్దుగూకేదాకా కీబోర్డు టకటకలు తప్ప మనిషి మాట వినపడదు. అందుకే, సీమ వాళ్లంతా సాయంత్రం పూట ఆన్‌లైన్లో చేరి కబుర్లు చెప్పుకునే వాయిస్ రూమ్ ఒకటుందని తెలియగానే ఎగిరి గంతేసి చేరాను. ముఖాలు కనిపించవు, ఉత్త గొంతులే. వాన పడలేదని ఒకరు, పత్తికొండలో టమాటా ధర పడిపోయిందని ఒకరు, ఉగ్గానిలోకి బజ్జీ ఉండాల్సిందేనని ఇంకొకరు కొట్లాడుకునేవాళ్లు. వారం రోజులు విన్నాక ఒకనాడు నేనూ నోరు విప్పాను.

విప్పీ విప్పగానే రూమ్ నడిపే పెద్దాయన, "ఏమమ్మా, మాట్లాడుతాండావా, పిండిమర తిప్పుతాండావా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. నేనేం చేసేది? ఫోన్‌తో వచ్చిన ఇయర్‌ఫోన్ తీగకు ఉన్న మైకు మెడలో గొలుసుకు గరగరా రాసుకుంటోంది. పైన ఫ్యాను, వాకిట్లో షేర్ ఆటోలు. మా ఎండలకు ఫ్యాను ఆపి మాట్లాడమనేవాళ్లు వచ్చి ఒక్క పూట మా ఇంట్లో కూర్చోవాలి.

ఆ సాయంత్రమే ఒకామె విడిగా మెసేజ్ పెట్టింది. ఉండేది కడప. నాకన్నా బాగా చిన్నది. "అక్కా, వాళ్లు నవ్వితే నవ్వనీ. నీ గొంతు శానా బాగుండాది. తక్కువలో మంచి మైకు ఒకటి నేను సూసి చెప్తా, నువ్వు బాధపడొద్దు" అని రాసింది. నాకు తోడబుట్టినవాళ్లెవరూ లేరు. నా కోసం ఒకరు ఏదైనా చూసి పెడతామన్న మాట విని ఎన్నేళ్లయిందో. ఆ మాటకే పడిపోయాను.

ఆ తర్వాత రూమ్‌లో కన్నా మేమిద్దరం విడిగా మాట్లాడుకున్నదే ఎక్కువ. మాటల మధ్యలో మా జేజి సంగతి, అంటే మా నాయనమ్మ సంగతి వచ్చింది. పత్తికొండ అవతల పల్లెలో ఇంటి ముందు శెనక్కాయలు వొలుస్తూ జేజి నాకు కథలు చెప్పేది. అందరూ చెప్పే రాజుగారి ఏడుగురు కొడుకుల కథ కాదు. తాను అల్లుకున్నవి. ఎండిన బావిలోకి దిగి ఊటను పేరు పెట్టి పిలిచే కప్ప కథ, కరువు పనికి జేజితో పాటు రోజూ వచ్చి గంపకు కాపలా కాసిన మేక కథ. ఆమెకు చదువు రాదు. ఒక్క ఫోటో అయినా లేదు. ఆమె మాకు ఇచ్చిపోయిన ఆస్తి అంటూ ఉంటే ఆ కథలే. మా ఇంట్లో వినే ఓపిక ఎవరికీ లేక అన్నీ నా కడుపులోనే ఉండిపోయాయి. కడప చెల్లెలికి ఒకటి చెప్పాను. కథ ఆసాంతం "ఊఁ" కొట్టింది. మాలో కథ వినేవాళ్లు ఊఁ కొట్టాలి. కొట్టకపోతే చెప్పేవాళ్లు అక్కడికి ఆపి లేచిపోతారు. జేజి అయితే, "ఊఁ కొట్టనోళ్లకు చెప్పేదానికంటే ఆ గోడకు చెప్పేది మేలు" అనేది. ఈ పిల్ల సరిగ్గా ఆగిన చోటల్లా ఊఁ అంది. నా ప్రాణం లేచొచ్చింది.

ఇక మైకు వేట మొదలైంది. మొదట నేనే కర్నూలు బజారుకు పోయి అడిగాను. అంగడాయన పెళ్లిళ్లలో పట్టుకునే పొడుగు మైకు తీసి, "దీనికి ఆంప్లిఫయరు, బాక్సులు గూడా తీసుకోండమ్మా, మీ వీధంతా ఇనపడతాది" అన్నాడు. వీధికి వినిపించేంత గొడవ నాకేముంది? వెనక్కొచ్చి చెల్లెలికి చెబితే ఒకటే నవ్వు. కాలరుకు తగిలించుకునేది వద్దంది, చీర కొంగు తగిలితే మళ్లీ గరగరే. తలకు పెట్టుకునే హెడ్‌సెట్ మైకు నాకే నచ్చలేదు. ఎండాకాలంలో చెవుల మీద రొట్టెలు కాల్చుకున్నట్టుంటుంది. చివరికి బల్ల మీద చిన్న స్టాండుతో నిలబడే యూఎస్‌బీ మైకుల దగ్గరికి వచ్చాం. వాటిలోనూ చుట్టూ ఉన్న చప్పుడంతా లాగేవి కొన్ని, ముందున్న మనిషి మాటే పట్టుకునేవి కొన్ని.

"ముందర మాటే ఇనేది తీసుకో అక్కా. ధర గూడా మనకు అందేదే. దాంతో పాటు చిన్న ఇయర్‌ఫోన్లు పెట్టుకో. స్పీకర్లో ఇంటే నా మాట గూడా నీ మైకులోకి పోతాది" అంది.

"పోతే పోనీలేమ్మే. ఇంటాండేది నువ్వే కదా?"

"లేదక్కా, ఒక్క నీ గొంతే రావల్ల."

ఎంత శ్రద్ధ అనుకున్నాను. సొంత చెల్లెలుంటే మాత్రం ఇంతకన్నా చూస్తుందా అని మురిసిపోయాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనని అప్పుడు నాకెలా తెలుస్తుంది?

మైకు వచ్చిన రోజు ఇంకో తమాషా. చర్చిలో వాక్యం చదివేటప్పుడు మైకు నెత్తిన నోరు పెట్టి మాట్లాడడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. దీని మీదికీ అలాగే వంగి, "ఇనపడతాండానా?" అని అరిచాను. "బావిలో నుంచి పిలుస్తాండావా అక్కా?" అంది. నడుము నొప్పి పుట్టేదాకా వంగి, నిక్కి, అరిచి చూశాక తేలిందేమిటంటే, ఆ మైకు నెత్తితో వినదు, పక్కతో వింటుంది. నిటారుగా కూర్చుని దాని ముఖానికి ఎదురుగా మాట్లాడితే చాలు. అలా మాట్లాడగానే చెల్లెలు, "అక్కా, నువ్వు నా పక్కనే కూసున్నట్ల ఉండాది" అంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆరోజే మేక కథ మళ్లీ చెప్పించుకుంది.

ఆ వానాకాలమంతా రోజుకొక కథ. ఒక్క మార్పు వచ్చింది. "నా ఊఁ నీ మాట మీద పడతాండాదక్కా. నేను మ్యూట్లో ఉండి ఇంటా. నువ్వు ఆపకుండా చెప్పు" అంది. అవతల నుంచి చప్పుడు లేకుండా కథ చెప్పడం నాకు ఎంత కష్టమైందో చెప్పలేను. అలవాటు చొప్పున ఊఁ కోసం ఆగేదాన్ని. ఏమీ వచ్చేది కాదు. వింటూనే ఉంటుందిలే అని ముందుకు పోయేదాన్ని. కథ అయ్యాక మాత్రం తప్పకుండా మాట్లాడేది. "మీ జేజి దేవతక్కా" అనేది.

ఒకరోజు మధ్యాహ్నం పక్కింటామె వచ్చింది. ఇంట్లోనే చీరలకు జరీ పని చేసే ముస్లిం ఆమె, నాకు మంచి స్నేహితురాలు. చేతిలో ఫోను, చంకలో మనవరాలు. "ఏమక్కా, ఇంత మందికి కథలు చెప్తాండావు, నాకొక మాట చెప్పకపోతివి. ఇది నీ కథ పెడితేనే బువ్వ తింటాండాది" అంది. ఫోనులో నా గొంతు. కప్ప కథ. పక్క నుంచి మాట్లాడినంత స్పష్టంగా నా గొంతు. నేను ఊఁ కోసం ఆగిన చోటల్లా పిల్లనగ్రోవి వాయించి నింపారు.

అది ఒక ఛానల్. నేను చెప్పిన కథలన్నీ వరుసగా ఉన్నాయి. కింద రాసింది చదివాను. "చిన్నప్పుడు మా జేజి నాకు చెప్పిన కథలు" అని కడప పిల్ల పేరు. ఆ కిందే చిన్న అక్షరాలతో, "గొంతు సాయం: కర్నూలు అక్క". నా జేజి కథలకు నన్ను కూలికి పిలిచి చదివించుకున్న మనిషిని చేసింది. నా పేరైనా వేయలేదు. నమ్మించి గొంతు కోయడమంటారే, అది నాకు జరిగింది. అన్నిటికన్నా ఒకటి నన్ను కుళ్లబొడిచింది. మైకు నా కోసం ఎంచలేదు. ఆ ఛానల్ కోసం ఎంచింది. ముందు మాటే వినేది కావాలన్నా, తన ఊఁ వద్దన్నా, పక్కనే కూర్చున్నట్టుందని మురిసినా, అంతా దాని కోసమే.

ఫోను చేస్తే ఎత్తలేదు. సాయంత్రం రూమ్‌లోకి పోయాను. అక్కడ పెద్దాయన ఆమెను పొగుడుతున్నాడు. "మన కడప పాప ఎంత మంచి పని చేసిందో సూడండప్పా!"

మైకు ఆన్ చేశాను. "ఆ కథలు యాడివమ్మే?" అన్నాను.

"మా జేజివి గదక్కా. గొంతు నీదని పేరేసినా, సూళ్లేదా?" అంది. తేనె పోసినట్టుంది మాట.

ఎవరో అందుకున్నారు. "నీకు మైకు గూడా ఆ పాపే ఎంచిచ్చిందంట గదా తల్లీ. అదృష్టమంతురాలివి."

"అవి మా జేజివి!" అని అరిచాను. నా అరుపు ఎంత బాగా వినిపించి ఉంటుందో నాకు తెలుసు.

పెద్దాయన నెమ్మదిగా అన్నాడు. "జేజి కథలంటే ఎవురి జేజి చెప్పినా ఒకటే గదమ్మా. దానికి యాల కొట్లాట?"

"ఒకటి కాదప్పా. ఆ కప్పను, ఆ మేకను పుట్టించింది మా జేజి. ఆ పాపవే అయితే, వాళ్ల జేజి పేరు చెప్పమనండి."

ఇక దొరికిపోతుందనుకున్నాను. తడబడుతుంది, ఏదో ఒక పేరు నోటికొచ్చింది చెబుతుంది, నేను పట్టుకుంటాను అని కాచుకుని కూర్చున్నాను.

ఆమె తడుముకోలేదు. మా జేజి పేరే చెప్పింది. ఊళ్లో పిలిచే పేరు చెప్పి, మా తాత ఒక్కడే పిలిచే ముద్దుపేరు కూడా చెప్పింది. ఆ రెండూ నేను ఏడుస్తూ ఆమెకు చెప్పినవే. రూమ్‌లో ఒకామె, "పాతకాలం పేరు, ఎంత బాగుండాదో. నీకు మీ జేజంటే శానా ప్రేమలే పాపా" అంది.