జీరంగి రెక్కల అంచు

మా అమ్మాయి చేతిపనికి మొదటి బేరం మా ఎద్దు వల్ల వచ్చింది.

అప్పటికింకా కంపెనీ వాళ్ల పాలనే. కోయంబత్తూరుకు ఉత్తరాన, తుడియలూరు దాటాక బాట పక్కనే మా ఊరు. నల్లరేగడి పొలాలు, పత్తీ జొన్నా పంటలు. మా ముత్తాతల ముత్తాతలు ఎప్పుడో ఉత్తరం నుంచి వచ్చి ఇక్కడ నిలబడ్డారట. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మా నాన్న తన కొడుకులతోపాటు నాకూ ఇసుకలో తెలుగు అక్షరాలు దిద్దించాడు కాబట్టి ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాను.

మా ఊరి ముందు బాట నేరుగా మేట్టుపాళయం పోతుంది. అక్కడి నుంచి నీలగిరి కొండ ఎక్కాలి. ఎండలు ముదిరితే దొరలూ దొరసానులూ ఆ బాటనే కొండకు పోయేవారు. మా ఆయన జొన్న బస్తాలు బండికెత్తి మేట్టుపాళయం సంతకు తోలేవాడు. తిరిగి వచ్చేటప్పుడు వక్కలు వేసుకొచ్చేవాడు.

అమ్మాయికి అప్పుడు పద్నాలుగేళ్లు. పాత చీరలతో బొంతలు కుట్టడం మా అత్త దగ్గర నేర్చుకుంది. వానలు పడ్డాక మా పొలం గట్ల మీద తుమ్మచెట్లకు జీరంగులు పట్టేవి. బొటనవేలంత పురుగు. దాని వీపుమీది గట్టి రెక్కలు ఆకుపచ్చగా ఉంటాయి, కాస్త వంచి చూస్తే రాగిలాగా, ఇంకాస్త వంచితే నీలంగా మెరుస్తాయి. అరవంవాళ్లు పొన్‌వండు అంటారు. మా ఇళ్లల్లో మాత్రం జీరంగే. ఊళ్లో పిల్లలందరూ చచ్చిపడిన జీరంగులను ఏరుకొని, ఆడుకొని పారేసేవారు. మా పిల్ల రెక్కలు ఊడదీసి ఒక పిడతలో దాచేది. వాటిని రేకులు అనేది. ఒకనాడు ఎర్ర గుడ్డముక్క మీద ఆ రేకులను తుమ్మబంకతో అంటించి, పైన దారంతో వలలాగా అల్లి, మా పెద్ద ఎద్దు నొసట కట్టింది. ఎద్దు తల ఆడించినప్పుడల్లా నొసట నిప్పురవ్వలు లేచినట్టుండేది.

ఆ వేసవిలో సంతకు పోయే బండిలో నేనూ అమ్మాయీ కూడా ఉన్నాం. వెనకనుంచి బోయీల కేక వినబడితే పల్లకీకి దారి ఇద్దామని మా ఆయన బండిని పక్కకు తీశాడు. పల్లకీ మమ్మల్ని దాటి కొంతదూరం పోయి ఆగిపోయింది. తలపాగా చుట్టుకున్న బట్లరు ఒకడు మా వైపు పరుగెత్తుకొచ్చాడు. మా ఆయన మొహం వాడిపోయింది. దొరల సామాన్లకోసం దారిన పోయే బండ్లను పట్టుకోవడం అప్పట్లో మామూలే.

"దొరసానికి నీ ఎద్దు మొగంమీదది కావాలంట," అన్నాడు బట్లరు అరవంలో.

"ఎద్దును అమ్మేది లేదు సామీ."

"ఎద్దెవరికి కావాలయ్యా! ఆ గుడ్డ, గుడ్డ!"

ఈలోగా దొరసానే పల్లకీ దిగి వచ్చింది. నడివయసు మనిషి, ఎండకు మొహమంతా కందిపోయి ఉంది. ఎద్దు బుస్సుమన్నా వెనక్కి తగ్గకుండా నొసటి గుడ్డను వేలితో తడిమింది. ఎవరు చేశారని బట్లరు చేత అడిగించింది. అమ్మాయి నా వీపు వెనక దూరింది. నేను దాని చెయ్యి పట్టుకొని ముందు నిలబెట్టి, "మా పాపే చేసింది," అన్నాను.

దొరసాని ఏదో అడిగింది. "ఇట్లాంటిదే పలచని గుడ్డమీద చేస్తావా? అంచులాగా?" అని బట్లరు చెప్పాడు.

అమ్మాయికి మాట వచ్చింది. "ఎంత పలచన?"

దొరసాని తన చేతిగుడ్డ తీసి ఇచ్చింది. అమ్మాయి దాన్ని వెలుగుకు పట్టి, అవతలనుంచి నన్ను చూసి, "అమ్మా, దీనిమింద బంక నిలవదు. కుట్టాల," అంది మెల్లగా.

"చేస్తుందా, చేయదా?" అన్నాడు బట్లరు.

"చేస్తాది," అన్నాను. ఎలా చేస్తుందో నాకూ తెలియదు. తెలుసుకోవాలని మాత్రం అప్పుడే మనసు పుట్టింది.

ఎద్దు నొసటి గుడ్డ దొరసానితో వెళ్లిపోయింది. బట్లరు చెప్పినట్టే తర్వాతి సంతనాడు మేట్టుపాళయంలో దొరలు దిగే బంగళాకు పోతే, అతడు ఒక తాను పలచని తెల్ల సల్లా గుడ్డ మా చేతికిచ్చాడు. దొరసాని మళ్లీ వేసవికి కొండకు వస్తుంది, అప్పటికి అంచు కావాలి.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. రేకు గోరుకంటే గట్టిది. సూది గుచ్చితే ఫెళ్లుమని చీలిపోయేది. పిడతలో ఉన్న రేకుల మీద తల్లీకూతుళ్లం తోచిన ప్రయత్నమల్లా చేశాం. చన్నీళ్లలో నానబెడితే ఏ మార్పూ లేదు. గంజిలో వేస్తే మెరుపు మీద పొర కట్టింది. నూనె రాస్తే చేతిలోంచి జారిపోయింది. ఒకరోజు నేను జొన్నసంకటి ఉడికిస్తున్నాను. కుండమీద మూతగా వేసిన గుడ్డలో ఆవిరి పొంగుతోంది. అప్పడం ఆవిరికే కదా మెత్తబడుతుంది, రేకు ఎందుకు మెత్తబడకూడదు అనిపించి, కొన్ని రేకులు ఆ గుడ్డమీద పరిచాను.

మా అత్త చూసి కేకలేసింది. "కూటి కుండమింద పురుగులా? నీకేం పిచ్చి పట్టెనే కోడలా!"

ఆ పూట సంకటి మా అత్త ముట్టలేదు. అయితేనేం, రేకులు లొంగాయి. వేడి చల్లారేలోగా తుమ్మముల్లు గుచ్చితే చిన్న చిల్లు పడింది, చీలలేదు. అమ్మాయి ఒక్కొక్క రేకుకు కొసల దగ్గర చిల్లులు పొడిచి, దారం దూర్చి, సల్లామీద పెట్టి లాగింది. నిలిచింది. మా ఇద్దరికీ ఎందుకో నవ్వాగలేదు. మరునాటినుంచి రేకులకు వేరే కుండ పెట్టాను.

అరవంవాళ్ల ఐప్పసి నెల వచ్చింది, దీపావళి వానలు పట్టుకున్నాయి. మా అత్తకు ఇంకో బెంగ పట్టుకుంది. "అంచుకని జీరంగుల్ని చంపతా పోతే ఆ పాపం ఎవరికే? పాపకు పెండ్లి కావాల్సి ఉండాది." ఆమె మాట తీసేయలేకపోయాను. చంపకుండా ఎన్ని దొరుకుతాయో చూద్దామని రోజూ పొద్దున్నే గట్టు మీద కూర్చునేదాన్ని. జీరంగులు తుమ్మాకు కొరుక్కుతింటాయి, ఎండెక్కితే బరువుగా ఎగురుతాయి. ఒకదాన్ని ఆకులతో సహా గంప కింద మూసిపెట్టాను. అది బియ్యపు గింజంత గుడ్లు పెట్టింది. కొన్నాళ్లకు మేత మానేసి, కాళ్లు ముడుచుకొని తనంతట తానే చచ్చిపోయింది. చెట్లకింద చూస్తే మిగతావాటి కథా అదే. వాన కాలం ముగిసేసరికి నేలంతా రాలిన జీరంగులే.

గంప ఎత్తి మా అత్తకు చూపించాను. ఆమె వంగి చాలాసేపు చూసింది. "తనకుతానుగా పోతాదా?" అంది. మరునాడు గట్టుమీద నాకంటే ముందు ఆమే ఉంది, కొంగు నిండా చచ్చిన జీరంగులు ఏరుకుంటూ.

నాకు ఆ పచ్చదనం ఎక్కడుందో తెలుసుకోవాలనిపించింది. నీలిరంగు గుడ్డపేలికనూ కొన్ని రేకులనూ పక్కపక్కనే ఇంటికప్పు మీద ఎండలో పెట్టి వదిలేశాను. వేసవి వచ్చేసరికి పేలిక వెలిసిపోయింది. రేకులు మాత్రం పెట్టిననాటి లాగే ఉన్నాయి. ఇంత గట్టి రంగు నూరి తీస్తే నూలుకు అద్దుకోవచ్చు కదా అని ఒక పిడికెడు రేకులను కల్వంలో వేసి నూరాను. నూరేకొద్దీ పచ్చ తగ్గింది. చివరికి అడుగున మిగిలింది మసిరంగు పొడి.

"పచ్చ యాడికి పోయిందమ్మా?" అంది అమ్మాయి.

కల్వం తిరగేసి చూశాను, పొడి నీళ్లలో కలిపి చూశాను. ఊరికి వచ్చిన అద్దకంవాణ్ణి అడిగితే అతడూ తలగోక్కున్నాడు. ఇవాళ్టికీ నాకు తెలియదు.

సల్లాతోపాటు దొరసాని బొమ్మగీసి పంపిన కాగితంలో ఏదో సీమ ఆకు ఉంది. వానలు వెలవగానే అమ్మాయి మొదట దాన్ని అచ్చంగా కుట్టింది. అది బాగుండలేదు. గుండ్రటి ఆకును కోలగా ఉండే రేకులతో నింపితే మొద్దుగా కనిపించింది. మొత్తం విప్పేసి, రేకు ఏ వంపు కోరుతుందో ఆ వంపులోనే తీగ నడిపింది. చివర్లలో పత్తిమొగ్గ పెట్టింది. ఆ చలికాలమంతా మా ఆయన దూలానికి తాడుకట్టి, సల్లా నేలకు తగలకుండా వేలాడదీసేవాడు. "యేమే, నా బండికి కందెన పెట్టేవాళ్లు లేరు గానీ, ఈ గుడ్డకు నలుగురి చాకిరీ," అని సణిగేవాడు. సణుగుతూనే తాడు బిగించేవాడు.

వేసవిలో బంగళాకు పట్టుకుపోయాం. దొరసాని అంచును బల్లమీద పరిచి కొసనుంచి కొసదాకా నడిచి చూసింది. సీమ ఆకు ఏమైందని అడుగుతుందని నేను భయపడ్డాను. ఆమె పత్తిమొగ్గ మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగింది. బట్లరు చెప్పాడు. తల ఊపి, కూలితోపాటు ఇంకేం కావాలో అడగమంది.

"సన్న సూదులు," అంది అమ్మాయి. ఆగి, "ఇది కట్టుకొని ఏం చేస్తారు?" అంది.

"చిందులేసి ఆడతారు. దొరలూ దొరసానులూ కలిసి," అన్నాడు బట్లరు నవ్వుతూ.

"అయితే నేను చూడాల."

బట్లరు అది చెప్పడానికి జంకాడు, చివరికి చెప్పాడు. దొరసాని పెద్దగా నవ్వింది. కొండమీద దర్జీ ఆ అంచును గౌనుకు కుట్టేటప్పుడు రేకులు ఊడితే ఈ పిల్ల పక్కనుండడం మంచిదే, తల్లితో కలిసి రమ్మంది.

మా ఆయన ఒప్పుకోలేదు. "కొండ కింద అడివి జొరం తెల్దా? పోయినోళ్లంతా వస్తా ఉండారా?"

"మావా, మనం చేసింది ఎట్ల ఉండాదో చూడకపోతే రేపు ఇంకోటి ఎట్ల చేసేది?" అన్నాను. నిజానికి పిల్లకంటే నాకే ఎక్కువ ఉబలాటం. పుట్టిననాటినుంచీ ఆ కొండను దూరంనుంచి చూస్తున్నాను, దాని మీద ఏముందో ఎరగను. మా అత్త మధ్యలోకి వచ్చి, "పోనీరా. వచ్చి నాకు చెప్తారు కదా," అంది. ఆ మాటతో పని అయింది.

సామాన్ల ఎద్దుల వెంట నడిచి ఎక్కాం. వక్కతోటలు దాటాక చెట్ల పేర్లు నాకు తెలియకుండా పోయాయి. మబ్బు మా కాళ్లకింద ఉంది. చలికి పళ్లు కొట్టుకుంటుంటే దొరసాని ఆయా మాకు చెరో కంబళి ఇచ్చింది.

విందు రోజు పొద్దుగూకగానే ఆయా మమ్మల్ని వెనక వసారాలో కిటికీ పక్కన నిలబెట్టింది. లోపల మైనపు దీపాలు. దొరసాని గౌను వేసుకొని వచ్చింది. పగలు పచ్చగా ఉండే రేకులు ఆ దీపాలకు రాగిలాగా రగిలాయి. ఆమె తిరిగినప్పుడు వెలుగు అంచువెంట పరుగెత్తింది. పక్కకు చూస్తే అమ్మాయి మొహం చిట్లించుకుని ఉంది.

"ఏమి అమ్మిణీ?"

"కింది వరస రాలతా ఉండాదమ్మా. చెప్పులకింద పడి నలగతా ఉండాయి. వినబడతా ఉండాదా?"

చెవిపెట్టి విన్నాను. వాయిద్యాల సందున సన్నగా, ఎండుటాకులు తొక్కినట్టు చప్పుడు.

తెల్లవారి, ఊడ్చిన చేటలో పచ్చముక్కలు ఏరి దోసిట్లో పట్టుకొని అమ్మాయి దొరసాని ముందు నిలబడింది. తన కాళ్లకింద చప్పుడైందని దొరసాని కూడా అంది. ఏం చేద్దామని ఇద్దరూ గౌనును నేలమీద పరిచి, బట్లరు మాటలు ఆలస్యమైతే చేతులతోనే మాట్లాడుకుంటూ కూర్చున్నారు. చివరికి అంచును విప్పి, జానెడు పైకి ఎత్తి కుట్టింది అమ్మాయి. రేకులన్నీ ఒకే వాటంగా కాకుండా కొన్ని అటూ కొన్ని ఇటూ తిప్పింది. "దీపానికి కొన్ని రాగిగా, కొన్ని పచ్చగా రావాల," అంది. మేం కొండ దిగేముందు ఇంకో ఇద్దరు దొరసానులు సల్లా తానులు పంపించారు.

కొండ దిగి ఇంటికి చేరేసరికి మా అత్త గుమ్మంలోనే కూర్చుని ఉంది. కాళ్లు కడుక్కోనివ్వకుండా, "నిజంగానే కలిసి ఆడతారా?" అని అడిగింది. ఆడి చూపించమని అమ్మాయిని లేపింది. అది దొరసానిలాగా గిర్రున తిరిగితే ముసలామె కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది.

ఆ తర్వాత ప్రతి ఏడూ పని వచ్చేది. ఊళ్లో ఇంకొందరు ఆడపిల్లలు చేరారు. వానకాలంలో ఏరడం, చలికాలంలో కుట్టడం. మా ఆయన బట్లరుతో బేరాలు ఆడడంలో జొన్న వర్తకంకంటే ఎక్కువ ఆరితేరిపోయాడు.

అమ్మాయి పెండ్లి దక్షిణాన మదుర వైపు మనవాళ్ల ఊళ్లో జరిగింది. అక్కడా నల్లరేగడే, పత్తే. కానీ కొండకు పోయే బాట లేదు, దొరసానులూ లేరు. సూదులు మూలపడతాయని దిగులుపడ్డాను. మరుసటేడు వానలు వెలిశాక చూడబోయాను. అది వసారాలో కూర్చొని చేతి విసనకర్రల అంచులకు రేకులు కుడుతోంది. మదురలో చెట్టి ఒకడు వాటిని కొనుక్కుపోతున్నాడట. "సల్లా లేకపోతే తాటాకు, అమ్మా. తాటాకుకైతే ఆవిరి కూడా తక్కువ చాలు," అంది.

సాయంత్రం అల్లుడు పొలంనుంచి వచ్చాడు. మితంగా మాట్లాడే పిల్లవాడు. తలపాగా విప్పి అరుగుమీద పరిచాడు, దాన్నిండా రాలిన జీరంగులు. కాళ్లు కడుక్కొని వచ్చి నాకు కొంచెం దూరంగా కూర్చున్నాడు. ఏదో అడగాలని ఉన్నట్టు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"అత్తా, మీకు తెలిసుంటాదని మీ పాప చెప్పింది," అన్నాడు చివరికి. "ఇవి పొద్దుగూకినాక యాడ నిద్రపోతాయి? ఆకుకిందనా, బెరడు సందుల్లోనా?"

నేను ఎప్పుడూ చూడలేదు. ఆ మాటే చెప్పాను. ఇంకా వెలుతురు ఉంది. అమ్మాయి సూది గుచ్చి పెట్టి లేచింది, ముగ్గురం తుమ్మచెట్ల వైపు నడిచాం.