మగ్గం వదలని నర్సింలు

2009, శ్రావణ శుక్రవారం సాయంత్రం. ఇంకొకరు ఇదే పొరపాటు చేయకూడదని వెంటనే రాస్తున్నాను.

మా మనవరాలి పెళ్లి చీర ఎంతవరకు వచ్చిందో చూడటానికి ఈ రోజు గద్వాలలో దాన్ని నేస్తున్న నర్సింలు ఇంటికి వెళ్లాను. అతను మగ్గం ముందు కూర్చుని ఛాతీ రుద్దుకుంటున్నాడు. ఒళ్లంతా చెమట.

"మగ్గం కర్ర ఒత్తుకుంటే గిట్లనే అయితదమ్మా. జర బామ్ రాస్తే పోతది" అన్నాడు.

"పొద్దుగాల్నుంచి గిదే మాట. దవాఖానకు పోదామంటే ఇంటలేడు" అంది భార్య.

"అంచు నడిమిట్ల ఇడిసి ఎట్ల లేస్త? పెండ్లి దగ్గరికొచ్చె."

నాకు కోపం వచ్చింది. "సచ్చినోని చేతి చీర నా మనవరాలు పెండ్లికి కట్టుకుంటదా? లే ముందు!"

ఆ మాటకు లేచాడు. దవాఖానలో గుండెపోటని తేల్చి, మందిచ్చి, కర్నూలుకు పంపారు. గండం గడిచిందని ఇప్పుడే అతని భార్య ఫోన్ చేసింది.

మన దగ్గర ఛాతీ నొప్పికి గ్యాస్, పని, దిష్టి అని ఎన్నో పేర్లున్నాయి. గుండె అని మాత్రం అనరు. మీ ఇంట్లో ఏమంటారో రాయండి.

ఇక జరగవలసినవి:

1. ఛాతీ పట్టేసి చెమట పోస్తే బామ్ వెతకకుండా దవాఖానకు పోవాలి.
2. గుండె వైద్యం కర్నూలు దాకా పోకుండా గద్వాలలోనే దొరకాలి.
3. డాక్టరు చెప్పేదాకా నర్సింలు మగ్గం ముట్టకూడదు. మనవరాలు నా పెళ్లి చీర కట్టుకుంటుంది. ఆమెకు నేను చెప్పుకుంటాను.