బిందెకి సెప్పిన వాయిదాలు

నాను సీతాలుని. గాజువాక మార్కెట్లో నాకు అక్కనాంటి పోతమ్మప్ప పక్కనే కూకుని సేపలమ్ముతాను. మాది ఒకే పేట, ఒకే కుళాయి. అప్పకి ఒక్కడే కొడుకు, సన్నీ. ఆడిని మా పేటోడే నాగబాబు మందుషాపు కాడ పొడిసి సంపీసాడు. ఏదో సెల్‌ఫోన్ కాడ మొదలైన గొడవంట. ఆ మంట నాకింకా సల్లారనేదు, ఆ మంటతోనే సెప్తన్నాను. ఇంటే ఇనండి, నేపోతే మానీండి.

అప్ప కోరిక ఒక్కటే. ప్రతి వాయిదాకీ తను కోర్టులో ఉండాల. గొడవ సూసిన మనిషి కాదు కాబట్టి ఆవిడకి సాక్ష్యం నేదు, సమనూ నేదు. ఊరికే ఎల్లి కూకోవాల, అంతే. "నేపోతే నా బిడ్డ తరపున మనిసే నేదనుకుంటారే" అనీది.

ఆ పాటి కోరికకి ఎంతమంది సదువుకున్నోళ్ళు అడ్డమో సూడండి. వాయిదా ఎప్పుడో అడగడానికి స్టేషన్‌కి ఎలితే రైటర్ గారు "అన్నీ ఆన్‌లైన్‌లో ఉంటాయమ్మా" అన్నాడు. అప్ప ఫోన్లో బొత్తాలు తప్ప ఇంకేటీ నేవు. గవర్నమెంటు లాయర్లు మంచోళ్ళే పాపం, కాకపోతే ఊరూరికే మారిపోయీవోళ్ళు. కొత్తగా వచ్చినాయన కళ్ళజోడు పైనించి సూసి, "ముద్దాయి తల్లివా?" అన్నాడు. సచ్చిపోయినోడి తల్లిని బాబూ అంటే, "అయితే నీకిక్కడ పనేం లేదు, ఇంటికెళ్ళు" అన్నాడు. కొడుకుని సంపిన కేసులో తల్లికి పని నేదంట.

నాగబాబుకి మాత్రం ఏ లోటూ నేదు. ఆడి లాయరు ముందుగానే ఆడి తల్లి సన్యాసమ్మకి ఫోన్ సేసి సెప్పీవోడు. మరి అప్పకెలా తెలిసీదంటారా? కుళాయి కాడ. ఇద్దరికీ మాటల్నేవు. మా పేటలో మాటల్నేనోళ్ళు ఎదుటి మనిసికి ఏదన్నా సెప్పాలంటే కోడికో గోడకో సెప్తారు. సన్యాసమ్మ తన బిందెకి సెప్పీది. "ఏటే బిందా, ఎల్లుండి వాయిదా, పొద్దున్నే బయల్దేరాల" అనీది. అప్ప అటు తిరిగి ఇనీది. ఆవిడెందుకు సెప్పీదో నాకు తెల్దు. తనూ కన్నతల్లే కదా, అందుకేమో. ఇన్ని కంప్యూటర్లున్న గవర్నమెంటు సెయ్యని పని సత్తుబిందె సేసింది.

అప్పకి తోడు నానూ ఎల్లీదాన్ని. కోర్టు వరండాలో బల్ల ఒక్కటే. బెయిలు మీదున్న నాగబాబు ఇస్త్రీ సొక్కా ఏసుకుని ముందే కూకునీవోడు. అప్పని సూసి "రా పిన్నీ, కూకో" అని జరిగీవోడు. అప్ప సాయంత్రం దాకా నిలబడే ఉండీది. ఆడి మర్యాద సూసి కానిస్టేబుళ్ళు మెచ్చుకుంటంటే నాకు ఒళ్ళు మండిపోయీది.

తీర్పు ముందురోజు సన్యాసమ్మ బిందెకి సెప్తా సెప్తా ఏడిసీసింది. నాగబాబుకి యావజ్జీవం పడింది. జైలుకి తీసుకుపోయారు. అప్ప నవ్వనేదు, ఏడవనేదు. "అయిపోయిందే సీతాలూ" అంది. తిరిగొచ్చినప్పుడు ఆటోలో నా బుజం మీద తల వాల్చి నిద్దరోయింది. కొడుకు పోయాక ఆవిడ అలా నిద్దరోడం నాను సూడనేదు.

ఆ రోజు నించీ సన్యాసమ్మ కుళాయి కాడ నోరిప్పడం మానీసింది. ఇంకేటుందిలే సెప్పడానికి అనుకున్నాం.

మొన్న అప్ప మార్కెట్లో ఎవలికో సేప కోత్తంది. ఎదురుగా బండాగింది. తలెత్తి సూత్తే నాగబాబు. రాత్రే వచ్చాడంట. కాస్త ఒళ్ళు కూడా సేసాడు. ఓలమ్మ! అప్ప సేతిలో కత్తి అలాగే ఆగిపోయింది.

"నీకెవలూ సెప్పనేదా పిన్నీ? హైకోర్టులో అప్పీలేసాం, బెయిలొచ్చింది" అన్నాడు, ఎంతో నెమ్మదిగా.

స్టేషనోళ్ళు సెప్పనేదు, లాయరు సెప్పనేదు. ఆకరికి సంపినోడే వచ్చి సెప్పాడు. ఆడికైనా ఆ పాటి బాద్యత ఉన్నందుకు దండేసి దణ్ణం పెట్టాల మరి.

నాను లెగిసి ఆడి కాలర్ పట్టుకోబోయాను. అప్ప నా సెయ్యి పట్టుకు ఆపింది. కత్తి గోనెసంచి మీద పెట్టింది. సేతులు సీరకి తుడుసుకుని ఆడి మొకంలోకి సూసింది.

"అక్కడ వాయిదా ఎప్పుడు బాబూ?" అని ఆడినే అడిగింది.