రామాంజినమ్మ గొంతు

కుందుర్పి నుంచి అనంతపురం పోయే బస్సులో కండక్టరు రామాంజినమ్మ గొంతెత్తిందంటే వెనక సీట్లో కునికేవాళ్లు కూడా ఉలిక్కిపడి జేబులు తడుముకునేవాళ్లు. ఆ గొంతు ఊరికే రాలేదు. గుమ్మఘట్ట దగ్గర పల్లెలో ఆమె నాయన తిప్పయ్యకు గొర్రెల మంద ఉండేది. చిన్నప్పుడు ఆ మంద వెనకాల తిరిగి, ఈ మిట్ట మీద నిలబడి ఆ మిట్ట మీద తప్పిపోయిన గొర్రెను తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి తిట్టి పిలిచిన గొంతు అది. 1998లో ఆడవాళ్లను కండక్టర్లుగా తీసుకుంటున్నారని తెలిసి, పదో తరగతి సర్టిఫికెట్టు పట్టుకుని అనంతపురం పోయి ఉద్యోగం తెచ్చుకుంది. "ఆడమనిషి, ఆ తొక్కిడిలో టికెట్లు కొట్టగలదా?" అని కొందరు మూతి విరిచారు. కొట్టింది. పదేళ్లు కొట్టింది. విరిగిన మూతులు వాటంతటవే సరైపోయాయి.

ఆమెకో పట్టుదల ఉండేది. ముందు సీట్లు ఆడవాళ్లవి. వాటిలో మగవాడు కూర్చుంటే మొదట "లెయ్ నాయనా" అంటుంది. కదలకపోతే "లెయ్యప్పా, నీకే చెప్పేది" అంటుంది. అప్పటికీ కదలకపోతే ఇంక వరసలూ మర్యాదలూ ఏమీ ఉండవు. ఆ దారిన తిరిగే జనానికి ఇది తెలుసు. చాలామంది మొదటి మాటకే లేచేవాళ్లు.

2008 ఎండాకాలంలో ఒకరోజు, చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకామె కమ్మీ పట్టుకుని ఊగుతూ నిలబడి ఉంది. ముందు సీట్లో ఇద్దరు కుర్రాళ్లు కొత్త కెమెరా ఫోను చూసుకుంటూ కూర్చున్నారు. రామాంజినమ్మ మొదటి మాట చెప్పింది, రెండో మాట చెప్పింది. వాళ్లు నవ్వారు. మూడో మాటకు బస్సు దద్దరిల్లింది. అయితే ఆ కుర్రాళ్లు ఫోనులో పట్టింది ఆ మూడో మాటనే. బిడ్డ తల్లి అందులో లేదు, ముందు చెప్పిన రెండు మాటలూ లేవు. ఉన్నదల్లా ఖాకీ చొక్కా వేసుకుని, కళ్లెర్రజేసి, "లెయ్‌రా! మీ నాయన కొన్నాడా ఈ సీటు?" అని అరుస్తున్న ఒక ఆడమనిషి.

అది దివాకర్ చేతిలో పడింది. అనంతపురం బస్టాండు ఎదురుగా వాడికి నెట్ సెంటరు ఉండేది. "మొగోని గోడు" అని పేరు పెట్టి, ఆడవాళ్లను ఎద్దేవా చేసే వీడియోలు తయారు చేసి నెట్లో పెట్టేవాడు, ఫోన్లలోకి ఎక్కించి అమ్మేవాడు. కోడలు అత్తను ఎట్లా ఏడిపిస్తుంది, చదువుకున్న పిల్ల ఎట్లా పొగరెక్కుతుంది, ఇదీ వాడి సరుకు. చెప్పొద్దూ, మాటకారి. వాడి గొంతు వింటే కుర్రకారు పడిపడి నవ్వేవాళ్లు. జనం మూగడం చూసి అంగళ్లవాళ్లు కూడా దుడ్లిచ్చి వీడియో మొదట్లో తమ పేరు చెప్పించుకునేవాళ్లు. రామాంజినమ్మ అరుపు ముందు ఆ కళకళలాడే గొంతు ఇలా పలికింది: "మద్దిలేటి వస్త్రాలయం, పెండ్లి బట్టలకు పెట్టింది పేరు! వారు సమర్పించు... బస్సులో బద్రకాళి! అన్నలారా, ఆడదానికి ఉద్యోగమిస్తే ఇట్లుంటాది!"

వారం తిరక్కుండా ఆ దారిలో ఫోనున్న ప్రతి మగవాడి దగ్గరికీ ఆ వీడియో చేరింది.

అప్పటి నుంచి ఆమెకు నరకం మొదలైంది. కావాలనే ముందు సీట్లో కూర్చునేవాళ్లు, ఫోను పైకెత్తి పట్టుకునేవాళ్లు, "అరువు బద్రకాళీ, ఒక్కసారి అరువు" అనేవాళ్లు. ఆమె అరిస్తే ఇంకో వీడియో, దివాకర్‌కు ఇంకో బేరం. అరవకపోతే సీటు పోయింది. ఇంట్లో మొగుడు వెంకటరాముడు తిట్టలేదు, అదే నయం. "ఊరందరి నోట్లో పడినావు, లోపల కౌంటర్లో కూర్చునే పని అడుగు" అన్నాడు. ఆమె అడిగింది. నెలాఖరుకు మారుస్తామని డిపోలో అన్నారు. ఆ నెలంతా ఆమె తల దించుకుని టికెట్లు చించి ఇచ్చింది, నోరు మాత్రం విప్పలేదు. డ్రైవరు తిప్పేస్వామికి బస్సు నడుపుతుంటే వెనక ఎవరూ లేనట్టే ఉండేది. "ఏమక్కా, ఉండావా?" అని మధ్యమధ్యలో తిరిగి చూసేవాడు పాపం.

సుష్మ అనే పిల్ల ప్రతి సోమవారం కుందుర్పి నుంచి అనంతపురానికి డిగ్రీ చదువుకు పోయి, వారమంతా హాస్టల్లో ఉండేది. దగ్గర దగ్గర మూడు గంటల ప్రయాణం. వారానికి సరిపడా పుస్తకాల సంచి భుజానికి తగిలించుకుని, మగవాళ్ల మోచేతుల మధ్య నలిగిపోతూ ఒక సోమవారం పొద్దున, "అక్కా, కాస్త చెప్పక్కా వాళ్లకు" అంది. రామాంజినమ్మ విననట్టు ముందుకు పోయింది. పై సోమవారం సుష్మ బస్సెక్కలేదు. ఆ పై సోమవారమూ ఎక్కలేదు. చదువు మానేసిందేమోనన్న ఆలోచన రామాంజినమ్మను కొరుక్కు తిన్నది. తనను బజారుకీడ్చినందుకు కూడా ఆమె అంతగా ఏడవలేదు.

నెల ముగియవస్తుండగా ఒక పొద్దున పెండ్లి బట్టలకు పోయే గుంపు బస్సెక్కింది. ఆ సీమలో పెండ్లి బట్టలంటే ఒకరిద్దరు పోయి తెచ్చేవి కావు. రెండు వైపుల ఆడవాళ్లూ, అత్తలూ వదినలూ పిన్నమ్మలూ, అందరూ కదలాలి. అందరిలోకీ పెద్దామె చెయ్యి వేసి తీసిన చీరే మొదటి చీర. ఆ తర్వాతే మిగతా కొనుగోలు. ఇట్లాంటి గుంపు వస్తే అంగడాయన భోజనాలు కూడా పెట్టిస్తాడు. ఆ గుంపుకు పెద్ద బయమ్మ. తల ముగ్గుబుట్టయినా నడుం వంగని మనిషి.

బయమ్మ నిలబడే ఉంది. ముందు సీట్లో ఒకడు కూర్చుని, గట్టిగా సౌండు పెట్టి ఆ వీడియోనే చూస్తున్నాడు. "మద్దిలేటి వస్త్రాలయం" అని వినబడగానే బయమ్మ చెవులు రిక్కించింది. వాళ్లు పోతున్నది ఆ అంగడికే మరి. వంగి ఫోనులోకి చూసింది. తలెత్తి కండక్టరును చూసింది.

"ఏమ్మే, ఇది నువ్వే కదా?"

బస్సంతా ఇటు తిరిగింది. కాదని అనొచ్చు. ఊరుకోవచ్చు. ఇంక రెండు రోజులాగితే కౌంటర్లో అద్దం వెనకాల కూర్చోవచ్చు.

"నేనే అవ్వా" అంది. ఆ మాట బయటికి రాగానే మిగతాదంతా దాని వెనకాలే వచ్చేసింది. బిడ్డ తల్లి సంగతి, ముందు చెప్పిన రెండు మాటల సంగతి, దివాకర్ సంగతి, సుష్మ సంగతి. చెబుతూ చెబుతూ ఏడ్చింది.

బయమ్మ మొత్తం విన్నది. "మా చేత బట్టలు కొనిపించి, ఆ దుడ్లతోనే మమ్మల్ని తిట్టిస్తాండాడా ఈ మద్దిలేటి? అబ్బో, బాగుండాది యాపారం! పాపా, బస్సు దిగినాక నువ్వూ మాతో రా."

తిరుగు ప్రయాణానికి ఇంకా వ్యవధి ఉంది. "పో అక్కా, నేనుండా" అన్నాడు తిప్పేస్వామి. ఖాకీ చొక్కాతోనే ఆమె ఆ గుంపు వెంట నడిచింది.

మద్దిలేటి చేతులు జోడించి ఎదురొచ్చాడు, పరుపుల మీద కూర్చోమన్నాడు, కూల్‌డ్రింకులు తెప్పించాడు. ఒక్కతీ కూర్చోలేదు.

"చీర మీద చెయ్యి వెయ్యాలంటే, ముందు ఈ పాప చెప్పేది ఇను" అంది బయమ్మ.

రామాంజినమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "అన్నా, నీ అంగడి పేరు చెప్పి నన్ను ఊరూరా తిట్టిస్తాండారు. నేను నీకేం చేసినా?"

"నాకేం తెల్సమ్మా! ఏదో నవ్వులాటంటే దుడ్లిచ్చినా" అన్నాడు మద్దిలేటి. తన అంగడికి వచ్చేది ఆడవాళ్లే అయినప్పుడు, ఆడవాళ్లను తిట్టేవాడికి దుడ్లిస్తే ఏమవుతుందో ఆ పెద్దమనిషికి అంతవరకూ తట్టలేదు. అక్కడికక్కడే దివాకర్‌కు ఫోను చేశాడు. "జనం అడుగుతాండారన్నా, తమాషాకు చేసినా" అన్నాడు దివాకర్. ఫోనులోంచి ఆ మాట అందరికీ వినబడింది.

"తమాషా అయితే వాళ్లమ్మ పేరు పెట్టి చేసుకోమను" అని బయమ్మ వెనుదిరిగింది. ఆమె వెనకాల గుంపంతా కదిలింది. మద్దిలేటి వీధి దాకా వెంటబడి బతిమాలాడు. పెండ్లి గుంపు ఒట్టి చేతులతో అంగడి మెట్లు దిగి, ఎదురుగా ఉన్న అంగడి ఎక్కడం బజారంతా చూసింది.

ఆ సాయంత్రానికే మద్దిలేటి తన పేరు తీయించేశాడు. విషయం చెవిన పడి మిగతా అంగళ్లవాళ్లూ జారుకున్నారు. దుడ్లిచ్చేవాడు లేకపోయేసరికి మొగోడి గోడంతా ఏమైపోయిందో గానీ, దివాకర్ ఆ వీడియోలు నెట్లోంచి తీసేసి జెరాక్సులు తీసుకుంటూ కూర్చున్నాడు. ఫోన్లలో ఎక్కినవి మాత్రం పోలేదు. అవి ఇప్పటికీ యాడో ఒకచోట తిరుగుతూనే ఉంటాయి.

రామాంజినమ్మ డిపోకు పోయి కౌంటరు వద్దంది. కుందుర్పిలో సుష్మ ఇల్లు వెతుక్కుంటూ పోయింది. "తప్పు నాదేమ్మా, ఆ రోజు నేను నోరు మూసుకున్నా. సోమవారం బస్సుకు రా" అని అడిగింది.

సోమవారం వచ్చింది. ముందు సీట్లో ఒక మీసాలాయన కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. వెనకాల టికెట్లు కొడుతున్న రామాంజినమ్మ ముందుకు వచ్చేలోపే, సన్నటి గొంతొకటి వినబడింది.

"లెయ్ నాయనా, ఇది ఆడోళ్ల సీటు."

సుష్మ! వణుకుతున్న గొంతే, అయినా నిలబడింది. పక్కనుంచి ఎవడో చటుక్కున ఫోను పైకెత్తాడు. పిల్ల మొహం పాలిపోయింది. రామాంజినమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, సుష్మ భుజం మీద చెయ్యి వేసి, ఆ ఫోనుకు ఎదురుగా తలెత్తి నిలబడింది.

"ఇద్దరమూ పడేట్టు తీయప్పా" అంది. "మొదటి మాట గూడా పడాల. చెప్పు సుష్మా, ఇంకోసారి చెప్పు."

సుష్మ ఇంకోసారి చెప్పింది. మీసాలాయన లేచాడు.