తోడేళ్ళ పున్నమి

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు మా వీధిలో ముగ్గురు ఆడపిల్లలు కలిసి ఒక తోడేళ్ళ గుంపు కట్టారు. అందులో మా అమ్మాయే చిన్నది. రెండోది ఎదురింట్లో ఉండే ఫిలిప్పీన్స్ వాళ్ళ పిల్ల. గుంపుకి పెద్ద మాత్రం వీధి చివరి ఇంటి పిల్ల, పదకొండేళ్ళది. ఆ పిల్ల తల్లిదండ్రులు విడిపోయారు. ఒక వారం ఇక్కడ తల్లి దగ్గర, ఇంకో వారం కెనడాలో మేముండే ఈ కాల్గరీ ఊరికే అవతలి కొసన తండ్రి దగ్గర ఉండేది. ఇక్కడున్న వారంలోనే గుంపు కూడేది.

మా ఇళ్ళ వెనక వాననీళ్ళు నిలవడానికి తవ్విన కుంట ఒకటుంది. దాని అవతల గడ్డిమిట్ట. పొద్దుగూకితే ఆ మిట్ట వైపు నుంచి కొయోట్లు కూసేవి. నక్క కంటే కాస్త పెద్దగా ఉండే ఇక్కడి జంతువులవి. పిల్లలు మాత్రం అవి తోడేళ్ళేనని, తమకు చుట్టాలేనని తీర్మానించుకున్నారు. ఏ ఆటైనా నాలుగు రోజుల ముచ్చటే కదా అనుకున్నాను. ఇది చూస్తుండగానే ఒక మతమై కూర్చుంది.

జడ వేయించుకుంటూ మా అమ్మాయి నాకు ఆ సంగతులన్నీ చెప్పేది, సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో. వాళ్ళ దేవత చందమామ. ఆవిడ మొట్టమొదటి తోడేలు, అందరికీ అమ్మ. ఒకసారి పెద్ద మంచుతుఫానులో పిల్లలు తప్పిపోతే వెతకడానికి ఆకాశమెక్కింది. ఇప్పటికీ వెతుకుతూనే ఉంది. రోజూ కాస్త కాస్త తల తిప్పుతూ లోకమంతా చూస్తుంది. పున్నమినాడు సరిగ్గా మన వైపు చూస్తుంది. అమావాస్యనాడు మనకు వీపు పెట్టి అటువైపు వెతుకుతుంది, అందుకని ఆ రోజు గుంపులో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. ఏది తిన్నా మొదటి ముక్క ఆవిడకి తీసి పెట్టాలి. మా పెరటి కంచె మీద రోజూ ఒక బిస్కెట్ ముక్కో యాపిల్ ముక్కో కనిపించేది. పిట్టలు వచ్చి ఎత్తుకుపోయేవి.

అన్నిటికంటే పెద్ద ఆచారం పిల్లను చూపించడం. గుంపులో కొత్త పిల్ల పుడితే పున్నమినాడు అందరూ వలయంగా నిలబడి, ఆ పిల్లను రెండు చేతులా పైకెత్తి చందమామకు చూపించాలి. గుంపు పెద్ద పేరు పెడుతుంది. అందరూ ఊళ వేస్తారు. ఆ తరవాత ఆ పిల్ల ఎంత చీకట్లో తప్పిపోయినా మొదటి అమ్మ గుర్తుపడుతుంది. చూపించని పిల్లను గుర్తుపట్టలేదు. ఆ పేరు వలయంలో నిలబడ్డవాళ్ళకే తెలియాలి, బయటివాళ్ళకి చెప్పకూడదు. బొమ్మ కుక్కలు, ఎదురింటివాళ్ళు తెచ్చుకున్న పిల్లికూన, అన్నీ అలా పేర్లు పెట్టించుకున్నాయి.

అప్పుడు నాకు ఆరో నెల. కొడుకని స్కాన్‌లో చెప్పారు. తమ్ముడు పుట్టాక మొదటి పున్నమికి చూపించాలని గుంపు ముందే నిర్ణయించేసింది. అప్పటికి చలికాలం కదా, పసివాణ్ణి బయటికి తేలేనని నేను బేరమాడాను. కిటికీ దగ్గర నిలబడి అద్దంలోంచి చూపిస్తే చాలునని చివరికి పెద్దపిల్ల ఒప్పుకుంది.

పురిటికి సాయం చెయ్యడానికి మా అమ్మ వచ్చింది. సూట్‌కేసు తెరిస్తే శొంఠి, పిప్పళ్ళు, సాంబ్రాణి, పొత్తిళ్ళకని ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుచీరలు. మనవరాలి మతం అమ్మకు కొంతవరకు నచ్చింది. అమావాస్యనాడు నెమ్మదిగా మాట్లాడటం, తినేముందు దేవుడికి తీసిపెట్టడం మంచి అలవాట్లేనన్నది. ఊళలు మాత్రం ఆవిడకి గిట్టలేదు. కడుపుతో ఉన్న మనిషి ఉన్న ఇంట్లో ఊళలేమిటని కోప్పడేది. మా అమ్మాయి పెరట్లోకి పోయి వేసేది. అమ్మ తలుపు వేసేది.

ఎనిమిదో నెలలో ఒక ఉదయం బిడ్డ కదలడం లేదని నాకు అనిపించింది. చల్లటి నీళ్ళు తాగాను, పక్కకు తిరిగి పడుకున్నాను. మధ్యాహ్నానికి మా ఆయనా నేనూ హాస్పిటల్‌కి వెళ్ళాం. స్కాన్ చేస్తున్న అమ్మాయి అంతవరకు ఏవో కబుర్లు చెబుతూ ఉన్నట్టుండి ఆపేసింది. డాక్టర్‌ను పిలుచుకొస్తానని వెళ్ళింది. ఆ గదిలో మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మామూలుగా కన్నట్టే కనాలన్నారు. కన్నాను. నర్సు వాడికి ఊలు టోపీ పెట్టి, చిన్న దుప్పట్లో చుట్టి నా చేతికిచ్చింది. ముక్కు మా ఆయనది. గోళ్ళు కూడా వచ్చాయి. మా ఆయన ఒకసారి ఎత్తుకుని, తిరిగి నాకిచ్చి, కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డారు. అమ్మ ఇంటి దగ్గర నుంచి ఫోన్ చేసి, ఎక్కువసేపు చూడొద్దని, పేరు పెట్టొద్దని చెప్పింది. పేరు పెడితే మమకారం పోదట. మా ఆయన, ఆయన స్నేహితుడు ఒకరు వెళ్ళి వాణ్ణి పాతిపెట్టి వచ్చారు. పసిబిడ్డలకి కర్మలుండవు కాబట్టి ఆ తరవాత చెయ్యాల్సింది ఏమీ లేకపోయింది. అదే నాకు భరించరానిదైంది. పన్నెండో రోజు లేదు, వచ్చిపోయే చుట్టాలు లేరు. టోపీ, దుప్పటి నా బీరువాలోకి చేరాయి.

నేను ఇంటికొచ్చేసరికి ఉయ్యాల మంచం విప్పేసి ఉంది. మా ఆయన దాన్ని పెట్టెలో పెట్టి షాపులో తిరిగి ఇచ్చేసి వచ్చారు, నేను చూడకూడదని. తెలిసినవాళ్ళు చారు, కిచిడీ తెచ్చి ఇచ్చారు. దేవుడి దయవల్ల మళ్ళీ పుడతాడన్నారు. మూడో రోజున నాకు పాలు పడ్డాయి. రొమ్ములు రాళ్ళయిపోయి నేను ఏడుస్తుంటే, అమ్మ పొత్తిళ్ళకని తెచ్చిన చీర చింపి గట్టిగా కట్టు కట్టింది. శొంఠికాయం ముద్ద చేసి నోట్లో పెట్టింది. నాకెందుకమ్మా ఇవన్నీ అంటే, "నువ్వు బాలింతవేనే. బిడ్డ లేకపోయినంత మాత్రాన కాకుండా పోతావా," అన్నది.

ఆ రోజుల్లోనే ఒకనాడు వంటింట్లో అమ్మ తనలో తను అనుకుంటున్నట్టుగా, ఊళలు వద్దంటే ఎవరు విన్నారని అన్నది. మా అమ్మాయి అప్పుడు మెట్ల మీద కూర్చుని ఉంది. తెలుగు సగమే మాట్లాడుతుంది కానీ దానికి అన్నీ అర్థమవుతాయి. ఆ రోజు నుంచి కంచె మీద ముక్కలు కనిపించలేదు. పెద్దపిల్ల వచ్చి తలుపు కొడితే హోంవర్క్ ఉందని చెప్పి పంపేసింది.

దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని, తమ్ముడు పోవడానికీ ఊళలకీ సంబంధం లేదని, డాక్టర్లకి కూడా కారణం తెలియలేదని చెప్పాను. తల ఊపింది. నమ్మిందో లేదో తెలియలేదు. "అమ్మా, తమ్ముణ్ణి ఎవరైనా మూన్‌కి చూపించారా?" అని అడిగింది.

లేదన్నాను.

"మరి షీ వోంట్ నో హిమ్," అన్నది. దాని కళ్ళనిండా నీళ్ళు.

ఆ ఇంట్లో వాడి కోసం ఏదో ఒకటి చెయ్యాలని అడిగిన మొదటి మనిషి అది. వీధి చివరికి నేనే నడిచి వెళ్ళి పెద్దపిల్లతో మాట్లాడాను. చచ్చిపోయిన పిల్లను చూపించవచ్చా అని ఇంగ్లీషులో అడుగుతుంటే నా గొంతు నాకే వింతగా ఉంది. ఆ పిల్ల నవ్వలేదు, జాలిపడలేదు. ఇంతకుముందు అలా జరగలేదని, ఆలోచించాలని చెప్పింది. మర్నాడు స్కూలు నుంచి వస్తూ మా ఇంటి దగ్గర ఆగి, వాడు తాకిన వస్తువేదైనా ఉంటే చూపించవచ్చన్నది.

డిసెంబర్ పున్నమికి మిట్ట మీదికి వెళ్ళాం. ఇక్కడ ఆ కాలంలో నాలుగున్నరకే పొద్దుగూకుతుంది. ఆ రోజు పడమటి నుంచి వెచ్చటి గాలి వీచి మంచంతా కరిగింది, ఆకాశం నిండా మబ్బు. చాలాసేపు నిలబడ్డాం. వెనక ఎక్కడో ఉంటుంది కదా, చూపించేద్దామన్నాను. పెద్దపిల్ల ఒప్పుకోలేదు. ఆవిడకి మన మొహాలు కనపడకపోతే లెక్కలోకి రాదని, మళ్ళీ పున్నమి దాకా ఆగాలని చెప్పింది. దుప్పటి కోటు లోపల పెట్టుకుని ఇంటికొచ్చాను. ఆ నెలంతా అది నా తలగడ పక్కనే ఉంది.

అమ్మ తన తిరుగు టికెట్ జనవరి మొదట్లోకి ముందుకు జరిపించుకుంది. బిడ్డే లేనప్పుడు ఇక్కడ తనకేం పనని తొందరపడుతూ ఉండేది. మిట్ట నుంచి చూపించకుండానే తిరిగొచ్చిన సంగతి విన్నది. రెండు రోజుల తరవాత మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయని, అంతసేపు విమానంలో కూర్చోలేనని, టికెట్ పున్నమి దాటాక మార్చమని మా ఆయనతో అన్నది. మోకాళ్ళకీ పున్నమికీ ఏమిటని ఆయన నా వైపు చూశారు. నాకూ అర్థం కాలేదు.

ఆ పున్నమి పెద్దపిల్ల తండ్రి దగ్గర ఉండే వారంలో పడింది. రాలేకపోతుందేమోననుకున్నాం. తండ్రికి ఏం చెప్పిందో, ఆయన మంచులో ఊరంతా దాటించి కారులో దించాడు. హీటర్ వేసుకుని కుంట పక్కనే కారులో కూర్చున్నాడు. ఆ రోజు ఎముకలు కొరికే చలి, ఆకాశం నిర్మలంగా ఉంది. మేం బయల్దేరుతుంటే అమ్మ మా ఆయన పాత కోటు, నా బూట్లు వేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. మా ఆయన డ్రైవ్‌వే మీద మంచు తోస్తున్నారు. రమ్మని పిలిచాను. పని మిగిలిందన్నారు.

మేమెక్కేసరికి చందమామ ఇళ్ళ కప్పుల మీదుగా, పెద్దగా, పసుపుగా లేస్తోంది. వలయంగా నిలబడ్డాం. మా అమ్మాయి దుప్పటినీ దానిలో టోపీనీ రెండు చేతులా పైకెత్తింది. పెద్దపిల్ల వాడి పేరు చెప్పింది. ఆ పేరుతో వాణ్ణి అందరూ ఒకసారి పిలవాలన్నది. పిలిచాం. పుట్టాక వాణ్ణి ఎవరైనా పేరుతో పిలవడం అదే మొదలు. పిల్లలు ఊళ వేశారు. నేనూ వేశాను.

అయిపోయిందనుకుని చేతులు దించుతుంటే అమ్మ మనవరాలి భుజం మీద చెయ్యి వేసింది.

"తల్లీ, ఎప్పుడో పోయిన బిడ్డని కూడా చూపించొచ్చేమో మీ పెద్దమ్మాయిని అడుగు."

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను. నాకంటే ముందు ఒక మగపిల్లాడు పుట్టి, ఏడవకుండానే పోయాడట. మంత్రసాని గుడ్డలో చుట్టి బయటికి తీసుకుపోయిందట. చూడొద్దన్నారు, చూడలేదు. ఆ మాటలు అమ్మ చందమామ వైపు చూస్తూ చెప్పింది. నా పెళ్ళప్పుడు, నా మొదటి పురుడప్పుడు, మొన్న కట్టు కడుతున్నప్పుడు కూడా నాకు చెప్పని మాట అది.

పెద్దపిల్లకి ఇంగ్లీషులో చెప్పాను. అమ్మమ్మ దగ్గర వాడి వస్తువేదైనా ఉందా అని అడిగింది. ఏమీ లేదన్నాను. ఆ పిల్ల, అయితే వాడు ఎంత ఉండేవాడో అంత వెడల్పున చేతులు చాపి ఎత్తితే చాలన్నది.

అమ్మ చేతి తొడుగులు తీసేసింది. చలికి వద్దన్నా వినలేదు. రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టింది, మళ్ళీ కాస్త ఎడం చేసింది. ఎంతుండేవాడో తెలియదు కదా, చూడలేదు. పైకెత్తింది. కోటు చేతులు మోచేతుల దాకా జారిపోయాయి. పెద్దపిల్ల ఆ బిడ్డకీ ఒక పేరు పెట్టింది. ఆ ఇంగ్లీషు మాట పలకడం అమ్మకు రాలేదు. మనవరాలు మళ్ళీ మళ్ళీ చెప్పి నేర్పించింది. తరవాత పిల్లలు ఊళ మొదలుపెడితే అందరికంటే గట్టిగా వేసింది అమ్మే. చాలాసేపు వేసింది. పిల్లలు ఆపేశాక కూడా ఆపలేదు. మా అమ్మాయి వెళ్ళి ఆవిడ నడుం చుట్టూ చేతులు వేసుకుంది.

ఇంటికొచ్చాక అమ్మ మనవరాలికి పాలు కాచి ఇచ్చింది. మొదటి గుక్క దేవతకి పెట్టమని తనే గుర్తుచేసింది. మర్నాటి నుంచి కంచె మీద మళ్ళీ ముక్కలు కనిపించాయి. ఆ వారాంతంలోనే అమ్మ వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్ట్‌లో మేం దాని గురించి మాట్లాడుకోలేదు. తరవాత ఫోన్లలో కూడా మాట్లాడుకోలేదు.

మంచు కరిగేనాటికి పెద్దపిల్ల తల్లి హాలిఫాక్స్‌లో ఉద్యోగం చూసుకుని పిల్లతో సహా వెళ్ళిపోయింది. పెద్ద లేని గుంపు కొన్ని వారాలు నడిచి ఆగిపోయింది. ఇప్పుడు మా అమ్మాయికి పన్నెండేళ్ళు. తమ్ముడి పేరు నాన్నకి చెప్పవచ్చా అని ఈ మధ్య అడిగాను. ఫోన్ లోంచి తల ఎత్తకుండా, అది ఆటే కదమ్మా, చెప్పుకో అన్నది. దానికైనా బరువు దిగింది, అంతే చాలు అనుకున్నాను.

ఆ శనివారం సరుకుల కోసం వెళ్ళినప్పుడు, షాపు బయట కారు ఆపాక మా ఆయనకి చెప్పాను. ఇన్నాళ్ళూ ఆయన అడగలేదు. నేను చెప్పింది విని, స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి, ఆ పేరు ఒకసారి నెమ్మదిగా పలికారు. సరిగ్గానే పలికానా అని అడిగారు. సరిగ్గానే పలికారన్నాను. లోపలికి వెళ్ళడానికి మాకు కొంతసేపు పట్టింది.