తొందరపడ్డ తులసి నీళ్ళు

నేను నీళ్ళిస్తే మా వార్డులో ఎవరూ తాగడం లేదండీ! నవ్వకండి, జరిగింది వినండి.

కొరాపుట్‌లో, ఇక మందులు పనిచెయ్యవని తేలిపోయిన వాళ్ళుండే చోట నా డ్యూటీ. ఎవరి దేవుణ్ణి వాళ్ళకి దగ్గర చెయ్యడం నా పని. మేరీ గారికి బైబిల్ చదువుతాను. పరజా తెగ ముసలమ్మ కోసం వాళ్ళ పూజారి దిసారిని పిలిపిస్తాను. మన తెలుగువాళ్ళకి ఆఖరి ఘడియలో పొయ్యడానికి బ్యాగులో తులసి తీర్థం సీసా. పక్కనే నా మంచినీళ్ళ సీసా. అక్కడే వచ్చింది తంటా!

మొన్న అప్పలస్వామి గారు, రిటైరైన మునిసిపాలిటీ డ్రైవరు, "అమ్మీ, గొంతెండిపోతంది" అన్నారు. చేతికందిన సీసా తీసి చెంచాతో పోశాను. ఆయన నాలిక మీంచి ఆకు తీసి చూసుకున్నారు.

"ఏటమ్మీ, అప్పుడేనా? డాక్టరు బాబు సెప్పేడా?"

"అయ్యో కాదు బాబాయ్, సీసా మారిపోయింది!" అంటే నమ్మరే! "దాయకమ్మీ. రాయగడలో తమ్ముడున్నాడు, ఫోను కలుపు."

ఆ తమ్ముడు సూర్రావు గారు క్రైస్తవం పుచ్చుకుని, తల్లి పోతే గుండు చేయించుకోలేదట. "నా శవం కాడికి కూడా రావద్దు" అన్నారట ఈయన. పన్నెండేళ్ళు మాటల్లేవు. ఇప్పుడేమో, "ఒరే, నాకు తులసి నీళ్ళు పోసేసేర్రా. వచ్చీ" అని తనే ఫోన్లో చెప్పేశారు!

సాయంత్రం తమ్ముడు ఏడుస్తూ వచ్చేసరికి, అన్నగారు కూర్చుని ఉప్మా తింటున్నారు.

"ఇదేటన్నియ్యా?"

"ఈ అమ్మి తొందరపడిందిరా. కూకో, తిను."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సీసా పారబోసేసి, మళ్ళీ బ్యాగులో పెట్టలేదు.

నాలుగు రోజులు అన్నదమ్ములు ఒకే ప్లేటులో తిన్నారు. ఐదోరోజు పొద్దున్న అన్నగారి ఊపిరి మారింది. తమ్ముడు నావైపు తిరిగారు. "అమ్మీ, మా అన్న దేముడి నీళ్ళియ్యి. నా సేత్తోనే పోస్తాను."

సీసా ఏదీ? పెరట్లోకి పరిగెత్తి, తులసి మొక్క వెతికి, ఆకు తుంచుకొచ్చేసరికి ఆయన వెళ్ళిపోయారు. తమ్ముడి చేతిలో ఉత్త నీళ్ళ గ్లాసు.

ఆకు పట్టుకుని నిలబడి ఏడ్చేశాను. సూర్రావు గారు కళ్ళు తుడుచుకుని నన్నే ఓదార్చారు. "పర్లేదమ్మీ, నువ్వు ముందే పోసేసేవు గదా!"

అప్పట్నుంచీ మేరీ గారు కూడా గ్లాసులోకి తొంగిచూసి, "ఆకు లేదు గదమ్మీ?" అని అడిగిగానీ తాగడం లేదు.