చెవుల్లో దూది

చెవుల్లో దూది పెట్టుకున్నందుకు నన్ను రైసుమిల్లు పనిలోంచి తీసేశారు. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. మర మీద ధాన్యం పోసేవాడు మోత వినే మర బాగోగులు కనిపెట్టాలట, దూది పెట్టుకున్నవాడు పనిదొంగట. మర ఆగినా నా చెవుల్లో కీచురాయి ఆగడం లేదని మొత్తుకుంటే మేస్త్రీ, “మరి మాకు ఇనబడదేటిరా?” అని నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఈ వయసులోనూ ఒళ్లు మండుతుంది. ఇంట్లో వెల్లుల్లి నూనె కాచి పోశారు, తగ్గకపోతే గాలి సోకిందన్నారు. ఇక ఎవరికీ చెప్పుకోకూడదనుకున్నాను.

ఆ వారమే చోడవరంలో అనకాపల్లి బస్సెక్కి, ఇంజను పక్క సీటే దొరికితే చెవులు మూసుకుని కూర్చున్నాను. వెనకనుంచి ఒక ముసలాయన వచ్చి, నా జబ్బ పట్టుకుని లేపి, తన పక్కన కూర్చోబెట్టాడు.

“సెవిలో మోతేటి బాబూ? నాను రైలు బాయిలర్లకి సుత్తితో రివెట్లు కొట్టినోణ్ణి.”

“ఇది పోతుందా తాతా?” అని మెల్లగా అడిగాను.

ఆయన చెవి వెనక చెయ్యి పెట్టి, “ఏటీ?” అన్నాడు. మళ్లీ అడిగినా వినబడలేదు. చివరికి బస్సంతా వినేలా అరిచాను. జనం గొల్లున నవ్వారు. ఆయన నవ్వలేదు. తన ఊరొచ్చి దిగబోతూ నా భుజం మీద చెయ్యి వేశాడు.

“నాది పోలేదు బాబూ. నీ సంగతి నానెరగను. మిగిలిన ఇనికిడైనా కాసుకో. మోత మరీ ఎక్కువైపోతే, నీలాటోడు ఇంకొకడున్నాడు, ఆడికీ ఇప్పుడిలాగే మోగతన్నాదనుకో.”